మరక: పాతది

రెండు వారాలు ఆయన్ని ఫ్రీజర్‌లో పడుకోబెట్టాం.
మైనస్ ముప్పై.
హల్ రేవులో ఒకప్పుడు చేపలు దాచిన గోదాము ఇది,
మ్యూజియం వాళ్ళు కొన్నా
వానొస్తే గోడలు ఇంకా కాడ్ చేప కంపే కొడతాయి.
చెక్కలో పురుగులుంటే చావాలి గదా
సముద్రం దాటే ముందు.

నా పని ఫారం నింపడం.
ఎత్తు: అయిదడుగుల రెండంగుళాలు.
కలప: గట్టిది. పేరు తెలియదు.
తల: పళ్ళెంలా గుండ్రం. కళ్ళు రెండు గాట్లు.
ఒళ్ళంతా త్రికోణాలు
ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటూ.
నడుముకి గుడ్డపీలిక, ఎరుపై ఉండొచ్చు.
పాదం వైపు చెదలు తిన్న గుర్తులు.
గ్లవ్స్ లేకుండా ముట్టరాదు,
ఎప్పుడో ఎవరో విషం మందు కొట్టారు.

లేబుల్ మీద:
రక్షక విగ్రహం, తూర్పు ఆఫ్రికా. దాత తెలియదు.
దాత తెలియదట!
దొంగ అనడానికి
ఇంత మర్యాదైన మాట నేనింకెక్కడా చదవలేదు.

న్యేవు అనే ఆమెని పిలిపించారు, చూసి చెప్పమని.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి
నేరుగా వచ్చింది, కళ్ళ కింద ఉబ్బులతో.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నాతో కాదు, ఆయనతో ఉన్నట్టుగా:
"విగ్రహం కాదు. కిగాంగో. పెద్దాయన.
పోయాక కొడుకు కల్లోకొచ్చి
చలేస్తోంది, నన్ను నిలబెట్టండని అడిగితే
అప్పుడు చెక్కుతారు."

చలేస్తోందని అడిగితే.
నేను ఫ్రీజర్ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

"ఊరు లేచిపోయినా ఆయన్ని కదపరు.
నిలబెట్టిన చోటే ఎండకి పగిలి
చెదలకి తిండై
మట్టిలో కలిసేదాకా కాపలా.
పీకితే వానలు మొహం చాటేస్తాయి,
పిల్లలకి జ్వరాలు."

మా మదనపల్లె దావలో ఒక వీరగల్లు ఉండేది.
కత్తెత్తిన మనిషి, ముక్కు అరిగిపోయి.
ఎవరి ఆవుల కోసం చచ్చాడో ఏమో
మా మేనత్త తన ఆవుని ఆయనకే కట్టేసేది.
తప్పని ఎవరూ అనలేదు.
ఆయనా అనలేదు.
గ్లవ్స్ వేసుకుని ముట్టుకోవాలని
మాకెవరికీ తోచలేదు.

న్యేవు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న సీసా తీసింది.
"కల్లు పొయ్యాలి. ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది?
సూపర్‌మార్కెట్ కొబ్బరినీళ్ళు."
లోపలికి ద్రవాలు తేరాదని
తలుపు మీద ఎర్రక్షరాలతో ఉంది.
నేను పెన్సిల్ చెక్కుకోవడానికి పక్కకి తిరిగాను.
పెన్సిల్ పదునుగానే ఉంది.

వెనక నీళ్ళ చప్పుడు, కొంచెం.
నాకు రాని భాషలో నాలుగు ముక్కలు,
పోట్లాటో, క్షమాపణో.
ఆఖర్న ఒక తుమ్ము.

ఫారంలో చివరి గడి మిగిలింది.
చెదలు తిన్న చోట తడి, రూపాయి బిళ్ళంత.
అప్పటికే చెక్క దాన్ని లోపలికి లాక్కుంటోంది,
ముప్పై ఏళ్ళ దప్పిక లాగా.
రాశాను:
మరక. పాతది.

పెట్టె కోసం తెల్ల ఫోమ్‌లో ఆయన ఆకారం కోశాం,
భుజాలు, తల, నడుము దగ్గర నొక్కు.
మంగళవారం లారీ వచ్చింది.
క్లైవ్ రెండు వైపులా "ఇటు పైకి" అని బాణాలు గీశాడు,
ఒకటి తలకిందులుగా,
మళ్ళీ చెరిపాడు.

కోయగా బయటికొచ్చిన ఫోమ్ ముక్క మిగిలిపోయింది,
అచ్చం ఆయనే, కళ్ళు లేవంతే.
చెత్తడబ్బాలో పట్టలేదు.
విరవబోయి
ఎందుకో తలుపు పక్కన ఆనించాను.
రాత్రి కాపలావాడు టార్చి వేసి
దానికి గుడీవినింగ్ చెప్పాడట,
పొద్దున సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

నెల దాటింది. ఇంకా అక్కడే ఉంది.
దీనికి ఫారం లేదు.
దీన్ని చెదలు ముట్టవు.
ఎన్నాళ్ళు నిలబడాలో, పాపం,
దీనికి ఎవరూ చెప్పలేదు.